పొగాకు నీళ్లు

మాబీ తోటకు ఊళ్లో ఆడవాళ్లెవరూ వట్టి చేతులతో రారు. ఒకామె చేతిలో ముడుచుకుపోయిన మిరపాకు ఉంటుంది, ఇంకొకామె కొంగులో పుచ్చు పట్టిన వంకాయ ఉంటుంది. హకీము దగ్గర నాడి చూపించుకున్నట్టు దాన్ని మాబీ ముందు పెట్టి నిలబడతారు. మాబీ ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తుంది, తిప్పి వెనకవైపు చూస్తుంది, నోట్లోని పొగాకు ముద్దను ఎడమ దవడ నుంచి కుడి దవడకు జరుపుకుంటుంది. ఆ తర్వాతే నోరు విప్పుతుంది.

"బూడిద తెగులే ఇది. మూడు దినాలు పులిసిన మజ్జిగలో ఇన్ని నీళ్లు పోసుకోని పొద్దున్నే చల్లు. ఆకు కింద చల్లల్ల. మీరు పైపైన చల్లేది, తెగులు పోకపోతే మాబీ మందు పన్జేయలేదని ఊరంతా చాటేది!"

పేనుబంక పడితే జల్లించిన కట్టెల బూడిద. మొగ్గ తొలిచే పురుగుకు వేపగింజలు దంచి నానేసిన నీళ్లు. ఆకుకు మందు అంటుకోవాలంటే అందులో ఇంత కుంకుడు నురగ. చీమలు బారులు కట్టి చెట్టెక్కుతుంటే ముందు వాటిని ఆపమంటుంది. పేనుబంకను కొమ్మ కొమ్మకూ మోసి కాపాడేది చీమలేనట, కురుబవాళ్లు గొర్రెల్ని మేపుకున్నట్టు మేపుకుంటాయట. ఇవేవీ కుదరకపోతే ఆఖరికి పొగాకు నీళ్లు. ఆ మందు చెప్పేటప్పుడు మాత్రం వేలు చూపించి మరీ బెదిరిస్తుంది.

"పొగాకు నీళ్లు కొట్టినంక పది దినాలు ఆ చెట్టు కాయ నోట్లో పెట్టాకండి. నా మాట ఇనకుండా తిని, ఆనక నా మీదికి రావాకండి."

ఇంత చెప్పినందుకు ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. నాలుగు తిట్లు తిట్టడమే ఆమెకు ముట్టే ఫీజు.

నల్లమాడకు రెండు కోసుల దూరంలో ఉంటుంది గుట్టకిందపల్లి. గుట్ట మీద పీరుతాత దర్గా, గుట్ట కింద అర ఎకరం పన్నీరు రోజా తోట, తోటలో ఒక బావి, ఒక కొట్టం. ఇవేవీ మాబీవి కావు, దర్గావి. మొగుడు పోయిన పదమూడేళ్ల నుంచీ ఆమె ఒక్కతే ఆ కొట్టంలో ఉంటూ తోటను కాపాడుతోంది. పిల్లల్లేరు. ముదిగుబ్బలో ఒక చెల్లెలుంది గానీ ఆ ఇంట్లో వాళ్లకే జాగా చాలదు. కాబట్టి ఆమెకు ఇల్లన్నా ఊరన్నా ఆ తోటే.

ఆ తోటలో ఉండాలంటే రెండు కట్టుబాట్లున్నాయి. ఉరుసు నాడు సమాధి మీద కప్పే పూలచాదర్ ఈ తోట పూలతోనే కట్టివ్వాలి. ఇవ్వలేని యేడు బావి చేంతాడు తెచ్చి దర్గాను చూసుకునే ముజావర్ చేతిలో పెట్టి వెళ్లిపోవాలి. రెండోది ఒట్టు. చాదర్‌ను గుట్ట ఎక్కించే ముందు మెట్ల దగ్గర నిలబడి, ఈ పూల మీద తినరానిదేదీ పడనివ్వలేదని పదిమంది ముందు చెప్పాలి, చెప్పలేకపోయినా చేంతాడు అప్పగించాల్సిందే. ఎందుకంటే అవి చూసి ముచ్చటపడే పూలు కావు. తినే పూలు. సమాధి మీద ఒక గడియ ఉంచి, రేకులు తుంచి పంచితే, జబ్బుపడ్డవాళ్లూ, పిల్లల్లేని ఆడవాళ్లూ కళ్లకద్దుకొని నమిలి మింగుతారు. హిందువులని లేదు, ముసల్మానులని లేదు, చుట్టుపక్కల ఆరూళ్లలో ఆ రేకు నోట్లో పడని గడప లేదు.

ఇక ఆ యేడు సంగతి. బ్లాకు ఆఫీసులు కొత్తగా వచ్చిన రోజులవి. ఆఫీసులొచ్చాయి గానీ వానలు మాత్రం రాలేదు. శనక్కాయ చెట్టు జానెడు లేవకముందే మాడిపోయింది. గడ్డి లేక జనం పశువులను సంతకు తోలేశారు, ఊళ్లో చుక్క మజ్జిగ పుట్టదు. వేసవిలో వేపచెట్లు సరిగ్గా కాయలేదు, మాబీ దగ్గర వేపగింజలు దోసెడు కూడా లేవు. బావిలో తెల్లారేసరికి ఊరే నీళ్లు పది కడవలు, అంతే. ఆ పది కడవలూ ఆమె చెట్ల మొదళ్లకే పోసి, తాను మాత్రం రెండు చెంబులతో ఒళ్లు తుడుచుకునేది.

నీళ్లు చేదడానికి ఆ యేడు ఆమెకు ఒక తోడు దొరికింది. కదిరమ్మ. కూలికి పోయే ఇంటి కోడలు, ఇరవై నాలుగేళ్ల పిల్ల. పెళ్లయి ఏడేళ్లయినా కడుపు పండలేదు. అత్త నల్లమ్మ నోటికి ఊరే భయపడుతుంది, ఇక ఇంట్లో ఉన్న కోడలి గతి చెప్పాలా? అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంగటి గడ్డే ఆ పిల్ల పాలు. ఉరుసు దాకా నలభై దినాలు తాత తోటకు నీళ్లు చేదుతానని మొక్కుకుంది. చీకటితో వచ్చి, చేది, చెట్లకు పోసి, కూలికి పోయేది.

"ఈ తూరి తాత ఇస్తాడు పెద్దమ్మా. నాకు అట్లే అనిపిస్తాండాది," అనేది చేంతాడు లాగుతూ.

"ఇస్తాడు లేవే. ముందు ఆ కడవ ఒలకబోయకుండా పోయి," అనేది మాబీ. పైకి కసురుకున్నా ఆ పిల్లంటే ఆమెకు ప్రాణం.

ఉరుసు పన్నెండు దినాలుందనగా పేనుబంక పడింది. మొదట నాలుగు కొమ్మల చివర పచ్చగా, ముట్టుకుంటే జిగటగా కనిపించింది. మూడో నాటికి తోటంతా పాకింది. మొగ్గ మొగ్గకూ గుత్తులుగా అతుక్కుని రసం పీల్చేస్తుంటే మొగ్గలు విచ్చకుండానే వంకరపోయి నల్లబడుతున్నాయి. మాబీ బూడిద చల్లింది. మొదళ్ల చుట్టూ బూడిద గీసి చీమలను ఆపింది. ఉన్న దోసెడు గింజలూ దంచి చల్లింది, అవి పదిచెట్లకు కూడా రాలేదు. వేపాకు ఉడికించి ఆ నీళ్లు చల్లింది, పేను వాటిని లెక్కే చేయలేదు. కదిరమ్మా తానూ కూర్చుని వేళ్లతో నలిపారు. పొద్దున నలిపిన చోట సాయంత్రానికి మళ్లీ అంతే పేను.

ఆ సంగతి తెలిసి బ్లాకు ఆఫీసు గ్రామసేవక్ రంగన్న సైకిలేసుకొని వచ్చాడు. కుందుర్పి వైపు నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చిన కుర్రాడు. క్యారియర్‌కు ఒక డబ్బా కట్టి ఉంది.

"ఏమమ్మా, ఇన్ని దినాలు చెప్పకపోతివి. ఈ తెల్లపొడి గుడ్డలో కట్టి దులుపు. తెల్లారేసరికి ఒక్క పురుగు మిగిలితే నన్నడుగు."

"ఈ పూలు తింటారప్పా."

"పూలు తినేదేంది?"

"మేం తింటాం. నువ్వు ఈ ఊరికి కొత్త, నీకు తెలీదు."

రంగన్న తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు పాపం. డబ్బా మూత బిగించి మళ్లీ సైకిలుకు కట్టుకున్నాడు. "తినేదయితే వద్దమ్మా. ముట్టుకోవద్దు. ఇంగ నువ్వే ఏదన్నా చూసుకో," అని వెళ్లిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం ముజావర్ ఖాసిం సాబ్ వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్లగడ్డం, మెత్తని మాట. వెంట ఆయన మేనల్లుడు దాదాపీర్ ఉన్నాడు. చెట్లన్నీ తిరిగి చూసి ఖాసిం సాబ్ మొహం దించుకున్నాడు.

"ఏమ్మా మాబీ, చాదర్‌కు చాలినన్ని పూలు వస్తాయా?"

"వస్తాయన్నా."

"రాకపోతే చెప్పు మామా," అన్నాడు దాదాపీర్, చెట్ల వైపు కాకుండా కొట్టం వైపు చూస్తూ. "నేను బస్సుకు పోయి బుట్టలు బుట్టలు తెస్తా. ఈ తోటలో బోరు ఏసి బత్తాయి పెడితే యెట్లుంటాది!"

మాబీ కూడా కొట్టం వైపు చూసింది. ఈ వయసులో మూట నెత్తిన పెట్టుకొని ఎక్కడికి పోవాలి? తాను నాటి, తాను కత్తిరించి, ఒక్కో ముల్లూ ఏ కొమ్మకుందో చూడకుండా చెప్పగల తోటను ఇలాంటివాడి చేతిలో పెట్టాలా? వాళ్లు వెళ్లిపోయాక బావిగట్టున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

ఇక్కడ ఆమె బుద్ధి ఎలా దారి తప్పిందో చెప్పాలి. తెలియక చేసింది కాదు, తెలిసే చేసింది. ఉరుసు ఎనిమిది దినాలుంది. పొగాకు నీళ్లు కొడితే పది దినాలు ఆగాలని ఊరందరికీ వేలు చూపించి చెప్పింది తానే. రెండు దినాలే గదా తక్కువ, అనుకుంది. ఇప్పుడు మొగ్గలన్నీ మూసుకునే ఉన్నాయి, లోపలి రేకులకు ఎలా తగులుతుంది, అనుకుంది. అన్నిటికన్నా పెద్ద సాకు ఇంకొకటి. ముప్పై ఏళ్లుగా పొద్దస్తమానం ఆ ఆకునే నములుతున్నానే, నాకేమయింది? ఆ పిల్లాడు తెచ్చిన పొడి వేరు, ఇది ఆకు, అనుకుంది. మనిషికి తోవ కావాలనుకున్నప్పుడు ఎన్ని తోవలైనా కనిపిస్తాయి మరి!

నెలకు సరిపడా దాచుకున్న నాటు పొగాకు కాడలతో సహా కుండలో వేసి ఉడికించింది. నల్లటి కషాయం దిగింది. కుంకుడు నురగ కలిపి, వేపమండతో మొగ్గ మొగ్గకూ చల్లింది. మర్నాటికి పేను ఎండి రాలిపోయింది. ఆమె ఎంత సంతోషపడిందో! కానీ నాలుగు దినాలు గడిచేసరికి అక్కడక్కడా మళ్లీ పచ్చగా కనిపించింది. ఉరుసు ఇక నాలుగు దినాలే. అప్పటికి సగం మొగ్గలు నోరు తెరుస్తున్నాయి. ఈసారి ఆమె ఏ లెక్కా వేసుకోలేదు. కుండలో మిగిలిన చిక్కటి కషాయం తెచ్చి, ఇటూ అటూ చూసి, రెండోసారి కొట్టేసింది.

కొట్టాక భయం పట్టుకుంది. కడుగుదామంటే నీళ్లేవీ? మబ్బు కోసం ఆకాశం వైపు చూసింది, అది గచ్చు నేలలా బోసిగా ఉంది. ఉరుసుకు రెండు దినాల ముందు ఒక పువ్వు కోసి, నోరు పుక్కిలించి, నమిలి మింగింది. కొంచెం చేదు అనిపించింది, అంతే. గంటసేపు కూర్చుంది. తల తిరగలేదు, కడుపులో తిప్పలేదు. "తాత చల్లగా చూసినాడు," అని పైకే అనుకుని లేచి పనిలో పడింది. ఆ రాత్రి వారం తర్వాత నిద్రపోయింది.

ఉరుసు ముందు రోజు పొద్దున కోత. చెట్లు ఎరుపెక్కి ఉన్నాయి, వాసన ఊళ్లోకి కొడుతోంది. మాబీ ఒక సాలు, కదిరమ్మ ఒక సాలు పట్టుకొని బుట్టల్లోకి కోస్తున్నారు. కొంతసేపటికి అవతలి సాలులో బుట్ట కిందపడ్డ చప్పుడయింది. మాబీ వెళ్లి చూస్తే కదిరమ్మ నేల మీద చేతులు ఆనించి వాంతి చేసుకుంటోంది. మొహం పాలిపోయింది, ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ కారుతోంది. మాబీ తల పట్టుకుని నీళ్లు తాగించింది.

"ఏమే, ఏమయింది?"

కదిరమ్మ ఆయాసపడుతూనే కళ్లెత్తి చూసింది. ఆ కళ్లలో ఏదో మెరిసింది. "పెద్దమ్మా... నాకు నాలుగు దినాలు దాటిపోయిండాది. ఎవురికీ చెప్పలే. ఇది అదేనా పెద్దమ్మా?"

మాబీ చూపు నేల మీదే ఉంది. వాంతిలో నమిలిన రోజా రేకులు కనిపిస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు. ఈ పిచ్చిపిల్ల తాతకు ఇవ్వకముందే దొంగతనంగా పూలు మింగేసిందన్నమాట. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుని, కడుపే నిలిచిందని మురిసిపోతోంది.

మాబీకి అప్పుడు అర్థమయింది. ముప్పై ఏళ్లు పొగాకు నమిలిన తన ఒంటికి తెలియని విషం, ఎన్నడూ ఆ ఆకు ముట్టని పిల్ల ఒంటికి గడియలో తెలిసింది. ఇంత తేలిక సంగతి తనకెందుకు తట్టలేదు! రేపు ఈ పూలు తినబోయేది జబ్బువాళ్లు, పసిపిల్లలు, ఈ కరువులో వారం నుంచి కడుపునిండా తినని జనం. చెబుదామని నోరు తెరిచింది. కదిరమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంది. మాబీ నోరు మూసుకుని కిందపడ్డ బుట్ట ఎత్తి నిలబెట్టింది.

ఈలోగా కూలికి పోతూ కంచె పక్కన నల్లమ్మ ఆగింది. కోడలి మొహం చూసింది, వాంతి చూసింది, గంప కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఎన్ని దినాలయిందే? నాలుగా? నా తల్లే! నాకేమిటికి చెప్పకపోతివే?" అని కోడల్ని రెక్క పట్టి లేపి, తన కొంగుతో మూతి తుడిచి, పసిపిల్లను నడిపించినట్టు నడిపించుకుపోయింది. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. నలభై దినాలు నీళ్లు చేదినందుకు ఉరుసు కాకముందే తాత కరుణించాడని ఇంటింటా అదే మాట.

మాబీ గుట్టెక్కి ఖాసిం సాబ్ దగ్గరికి పోయింది. ఆయన జెండాకు కొత్త గుడ్డ కడుతున్నాడు. ఆమె దాచకుండా అంతా చెప్పింది, కదిరమ్మ సంగతి ఒక్కటి తప్ప. అది చెప్పడానికి నోరు రాలేదు.

ఖాసిం సాబ్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. "రేకు ముక్క తింటే ఏమైతాది మాబీ? నువ్వు తిన్నావు గదా, బాగానే ఉండావు గదా."

"నేను పొగాకు తినేదాన్నన్నా. అందరూ నా మాదిరి కాదు."

"ఈ యేడు జనానికి ఏం మిగిలింది చెప్పు. పంట లేదు, గొడ్డు లేదు. తాత పువ్వు ఒకటుండాది. అది గూడా ఇసమని చెప్పమంటావా? నేను చెప్పలేను." ఆయన మళ్లీ గుడ్డ చేతికి తీసుకున్నాడు. "నువ్వు చెప్తే చెప్పు. కానీ ఒట్టు తప్పినదానివి. చేంతాడు నా చేతిలో పెట్టి పోవాల్సొస్తాది. ఆ కట్టుబాటు నేను పెట్టింది కాదు, మార్చేదానికి నా చేతిలో లేదు. నోరు మూసుకుంటే నీ తోట నీకుంటాది. ఆలోచించుకో."

మర్నాడు చాదర్ కట్టారు. పదిమంది ఆడవాళ్లు కూర్చుని దారానికి గుచ్చుతుంటే మాబీ చేతులు ఆడలేదు. ఎవరూ పట్టించుకోలేదు, అలసిపోయిందనుకున్నారు. ఎండ వాలాక నాలుగు కర్రల మీద చాదర్ ఎత్తుకొని, తప్పెట్లు కొట్టుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చారు. ఆరూళ్ల జనం. మంచాల మీద మోసుకొచ్చిన ముసలివాళ్లు, చంకల్లో బిడ్డలు, ముందు వరుసలో కదిరమ్మ. నల్లమ్మ ఆమెకు కొత్త రైక తొడిగించి, తలలో కనకాంబరాలు పెట్టి, చెయ్యి వదలకుండా పట్టుకుంది. తప్పెట్లు ఆగాయి. ఒట్టు కోసం అందరూ మాబీ వైపు తిరిగారు.

"ఈ పూల మీద..." అని మొదలుపెట్టి మాబీ ఆగింది. ఖాసిం సాబ్ తల వంచుకున్నాడు. ఆమె జనం వైపు తిరిగి మళ్లీ అందుకుంది. "ఈ పూల మీద నేను పొగాకు నీళ్లు కొట్టినా. ఒక తూరి కాదు, రెండు తూర్లు. రెండోది కొట్టి నాలుగు దినాలే అయింది. తాత మీద కప్పుకోండి. కానీ తినాకండి. మీ కాళ్లు పట్టుకుంటా, తినాకండి."

జనంలో ఎవరో నవ్వారు. "పొగాకేగదా! మేం దినామూ తినేదే!" అంది ఒక ముసలామె. "తాత మీద పడినంక ఇసం యాడుంటాదే మాబీ? నీకేం మతి పోయిందా?" అని ఇంకొకామె. "కదలండి, పొద్దు పోతాండాది," అని వెనకనుంచి కేకలు.

మాబీకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చాదర్ అంచు నుంచి పిడికెడు పూలు పీకి నోట్లో కుక్కుకుంది. నమిలి మింగింది. మళ్లీ ఇంకో పిడికెడు. తన ఒంటికి ఆ విషం తెలియదని ఆమెకు తెలుసు. అయినా ఇంత తింటేనన్నా కక్కు రాకపోదా, కళ్లు తిరిగి పడిపోకపోనా అని ఆశ. "యా తాతా, నన్ను కక్కించు," అని లోపల మొక్కుకుంది. ఏమీ కాలేదు. కాస్త చెమట పట్టింది, అంతే. నిటారుగా నిలబడే ఉంది, పాడు ఒళ్లు!

"సూడండి, రాయి మాదిరి నిలబడిండాది!" అని జనం గొల్లున నవ్వారు. దాదాపీర్ చాదర్ కర్ర అందుకున్నాడు. తప్పెట మళ్లీ మోగింది.

మాబీ దగ్గర ఇంకొక్క సాక్ష్యం ఉంది, నిన్నటి కదిరమ్మ వాంతి. ఒక్క మాట చెబితే చాలు. ముందు వరుస వైపు చూడకుండా మొహం తిప్పుకుంది. చూస్తే నోరు జారుతుందని భయం. ఆ పిల్ల దగ్గర ఉన్నదే ఆ ఒక్క సంతోషం, దాన్ని తన నోటితో తీసేయడం ఆమె వల్ల కాలేదు. చెప్పకపోతే ఆ రేకులు చంకల్లోని బిడ్డల నోళ్లలో పడతాయి. ఎటూ తేల్చుకోలేక మెట్టు మీద కూలబడింది.

"నిల్పండి."

ఎవరో సన్నగా అన్నారు. తప్పెటలో వినిపించలేదు. "నిల్పండప్పా!" అని ఈసారి గట్టిగా అరిచింది కదిరమ్మ. అత్త చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని మెట్ల ముందుకు వచ్చింది. మొహంలో రక్తం లేదు.

"నేను తిన్నా," అంది. "నిన్న పొద్దున, తోటలో. తాతకియ్యకముందే దొంగతనంగా రెండు పూలు తింటి. తప్పే. రోంత సేపుకి కండ్లు తిరిగి, చెమట బట్టి, కక్కినా. నేను... కడుపని అనుకొంటి." ఆగింది. అత్త వైపు చూడకుండా మళ్లీ అంది. "కడుపు కాదు. ఈ పూలే. పెద్దమ్మ చెప్పేది నిజమే. బిడ్డలకు పెట్టాకండి."

"నోరు ముయ్యే! ఏం కూస్తాండావే?" అని నల్లమ్మ కేక పెట్టింది. ఆ కేకలో కోపం కన్నా ఏడుపే ఎక్కువ వినిపించింది.

"నువ్వు గూడా తినాకత్తా," అంది కదిరమ్మ.

ఇక ఎవరూ నవ్వలేదు. ఒక తల్లి తన బిడ్డ చేతిలో ఉన్న రాలిన పువ్వు లాగి పారేసింది. ఖాసిం సాబ్ ముందుకొచ్చి, చాదర్‌ను తాత మీద కప్పుదామనీ, ఈ యేడు చక్కెర మాత్రమే పంచుతాననీ మెల్లగా చెప్పాడు. జనం చప్పుడు లేకుండా మెట్లెక్కారు. పువ్వు అడిగినవాళ్లూ లేకపోలేదు, ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

ఆ రాత్రే మాబీ చేంతాడు చుట్టచుట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తీసుకున్నాడు.

తెల్లారి ఆమె మూట కట్టుకుంది. రెండు చీరలు, ఒక చెంబు, కత్తిరించే కత్తి. కత్తి దర్గాది అనిపించి మళ్లీ తీసి గోడకు తగిలించింది. ముదిగుబ్బ చెల్లెలి ఇంటికి పోవాలి, అక్కడ ఎన్నాళ్లో దేవుడికే తెలుసు. చివరిసారి చెట్లకు నీళ్లు పోద్దామని బావి దగ్గరికి వెళ్తే చేంతాడు లేదు. ఆ సంగతి మరిచేపోయింది.

కంచె అవతల కదిరమ్మ కూర్చుని ఉంది. నిన్నటి కొత్త రైక లేదు. మాబీ గబగబా వెళ్లి, "లోపలికి రాకుండా ఆడేం చేస్తాండావే?" అంది.

"రాకూడదు పెద్దమ్మా. తెల్లారగట్ల బైట చేరినా."

మాబీ మూట వదిలేసి కంచె దాటి వచ్చి ఆ పిల్ల ఎదుట కూర్చుంది. "నన్ను తిట్టవే కదిరీ. చెప్పుతో కొట్టు. నీ మాదిరి తినేవాళ్లుండారని తెలిసి గూడా చేస్తి. నా తోట కోసరం చేస్తి. నిన్న గూడా నేను చెప్పాల్సిన మాట నీ చేత చెప్పిస్తి."

కదిరమ్మ తల అడ్డంగా ఊపింది. తిట్టలేదు, ఏడవనూ లేదు. గుట్ట వైపు చూసింది.

"మొన్న రాత్రి మా అత్త అందరికన్నా ముందు నాకు పెట్టింది పెద్దమ్మా," అంది. "పక్కన కూర్చోని, తినమ్మా, ఇంకొంచెం తిను, అనింది. ఏడేండ్లలో ఆ ఒక్క పూటే."